ఫౌస్టినా కొప్పు ఎక్కడుంది? రోమన్ నాణేల ఉచిత సూచిక ‘ఓక్రే’ గురించి

మూడేళ్ల కిందట ఇంగ్లండులో ఒక నాణేల సంతలో ఒక రోమన్ వెండి దీనారం కొన్నాను. దాన్ని అమర్చిన చిన్న అట్టముక్క మీద అమ్మకందారు తన చేతిరాతతో ‘పెద్ద ఫౌస్టినా, మరణానంతర ముద్రణ, ఆర్‌ఐసీ 344’ అని, అంటే రోమన్ రాణి పేరూ సూచీగ్రంథంలో నాణెం సంఖ్యా, రాశాడు. ధర 45 పౌండ్లన్నాడు, బేరమాడితే 42కు దిగాడు. ఇంటికి తెచ్చి పదిరెట్ల భూతద్దం కింద పెట్టేసరికి చీటీ చెబుతున్న మాటకూ నాణెం చెబుతున్న మాటకూ పొంతన కుదరలేదు. బొమ్మ వైపు ఉన్న రాణి కొప్పు నడినెత్తిన కాక మెడ వెనుక ఉంది, మన పల్లెల్లో ఆడవాళ్లు పనిలోకి దిగబోతూ బిగించి చుట్టుకునే ముడిలాగా. చుట్టూ ఉన్న రాతలో మొదటి సగం అరిగిపోయి, చివరి మాట మాత్రం ‘ఆగుస్టా’ అని స్పష్టంగా కనిపిస్తోంది. బొరుసు వైపు ఒక స్త్రీ కుడివైపు తిరిగి నిలబడి ఉంది. ఒక చేతిలో దండం, మరో చేతిలో ఏదో చిన్న మూట. ఆ మూటకు తల ఉందని పోల్చుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

ఆ పది నిమిషాల తర్వాత నేను తెరిచిన చోటే ఈ సమీక్షకు విషయం. దాని పూర్తి పేరు ‘ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్’. ఆ నాలుగు పొడి అక్షరాలను కలిపి నేను ఓక్రే అంటున్నాను. న్యూయార్క్‌లో 1858లో ఏర్పడిన అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని ప్రాచీన ప్రపంచ అధ్యయన సంస్థతో కలిసి దీన్ని తయారు చేసింది. క్రీస్తుపూర్వం 31లో ఆగస్టస్‌తో మొదలుపెట్టి క్రీస్తుశకం 491లో జీనో చక్రవర్తి మరణం వరకు రోమన్ సామ్రాజ్య టంకశాలల్లో అచ్చయిన నాణేల రకాలు, 40,000కు మించి, ఇందులో ఉన్నాయి. రుసుము లేదు, ఖాతా తెరవనక్కరలేదు, పక్కన మెరిసే ప్రకటనల బెడద లేదు. నేను వారానికి రెండు మూడు సార్లయినా వాడుతున్నాను కనుక, రోమన్ నాణేలు కొత్తగా సేకరించబోయే తెలుగువారికి ఇది ఎక్కడ అక్కరకు వస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్పగలనన్న ధైర్యంతో రాస్తున్నాను.

ముందు ‘రకం’ అన్న మాట సంగతి. ఓక్రేలో ఉన్నవి నాణేల రకాలు, విడివిడి నాణేలు కావు. వెంకటగిరి నేతలో ఒక అంచు, ఒక బుటా కలిసి ఒక రకం అవుతుంది. ఆ రకంలో నేసిన చీరలు వందలుండవచ్చు, ఒకటి మీ అమ్మగారి పెట్టెలో ఉండవచ్చు, ఒకటి చిరిగిపోయి ఉండవచ్చు. అలాగే ఒక చక్రవర్తి, ఒక లోహం, ఒక విలువ, ఒక టంకశాల, బొమ్మ వైపు రాత, బొరుసు వైపు రాత, వాటి మధ్య ఉన్న చిత్రాలు, ఇవన్నీ కలిసి ఒక రకం. దానికి ‘రోమన్ ఇంపీరియల్ కాయినేజ్’ అనే పెద్ద సూచీగ్రంథంలో ఒక సంఖ్య ఉంటుంది. సేకర్తలు ఆర్‌ఐసీ అనేది దాన్నే. హెరాల్డ్ మాటింగ్లీ, ఎడ్వర్డ్ సిడెన్‌హామ్ 1923లో మొదటి సంపుటం వెలువరించారు. పదో సంపుటం 1994లో గానీ రాలేదు. ఒక్కో సంపుటం కొనాలంటే వంద పౌండ్లకు అటూ ఇటూ అవుతుంది, సంపుటాలు పదే అయినా భాగాలతో కలిపి అంతకన్నా ఎక్కువ పుస్తకాలు. అంత డబ్బు పుస్తకాల మీద పెట్టగలవాడు ఆ డబ్బుకు ఒక బంగారు ఆరియస్ వైపు చూస్తాడు. అందువల్లనే ఎంతోమంది సేకర్తలు అమ్మకందారు రాసిన సంఖ్యనే వేదవాక్కుగా తీసుకుని తమ జాబితాలో ఎక్కించుకునేవారు. ఓక్రే ఆ పుస్తకాల సంఖ్యలను అందరి చేతికీ అందించింది. నా దృష్టిలో దాని అసలు ఘనత అదే.

మళ్లీ ఫౌస్టినా దగ్గరికి వద్దాం. పెద్ద ఫౌస్టినా ఆంటోనైనస్ పయస్ చక్రవర్తి భార్య. 140లో ఆమె మరణించాక సెనేటు ఆమెను దేవతగా ప్రకటించింది, భర్త బతికున్నంత కాలం ఆమె పేరిట నాణేలు విస్తారంగా అచ్చయ్యాయి. చిన్న ఫౌస్టినా వారి కూతురు, మార్కస్ ఆరీలియస్ భార్య. తల్లీకూతుళ్ల పేరు ఒక్కటే కావడం వల్ల అమ్మకందారులు తడబడుతుంటారు. తడబడకుండా ఉండటానికి చూడవలసినవి రెండు. తల్లి జుట్టు జడలుగా అల్లి నడినెత్తిన కిరీటంలాగా చుట్టి ఉంటుంది, కూతురు కొప్పు తల వెనుక ఉంటుంది. మరణించిన రాణికి ‘దీవా’, అంటే దేవతగా మారినది, అన్న మాట పేరుకు ముందు వస్తుంది. బతికున్న రాణికి ‘ఆగుస్టా’ అన్న బిరుదు పేరు వెనుక వస్తుంది. ‘దీవా’ చూడగానే తల్లి అనుకోకూడదు సుమా, 175లో మరణించాక కూతురూ దేవతే అయింది.

ఓక్రే అన్వేషణ పుటలో చక్రవర్తి, ముఖచిత్రం ఎవరిది, లోహం, నాణెం విలువ, టంకశాల, దేవత, కాలం అని విడివిడి గడులు ఉంటాయి. నేను ముఖచిత్రం దగ్గర చిన్న ఫౌస్టినాను, లోహం దగ్గర వెండిని, విలువ దగ్గర దీనారాన్ని ఎంచుకున్నాను. బొరుసు వైపు రాతలో నాకు కనిపించినవి నడిమి నాలుగు అక్షరాలే. చంటిబిడ్డను ఎత్తుకున్న స్త్రీ అన్న ఆధారంతో, సంతానసమృద్ధికి రోమన్లు పెట్టుకున్న మూర్తి పేరు ‘ఫెకుండిటాస్’ అని గుర్తు తెచ్చుకుని వెతికితే కొద్ది రకాలే మిగిలాయి. కొన్నిటిలో ఆమె చుట్టూ నలుగురు పిల్లలు ఉన్నారు, కొన్నిటిలో రాత ఇంకా పొడవుగా ఉంది. కుడివైపు తిరిగి నిలబడి, దండమూ ఒక్క బిడ్డా పట్టుకున్న రకం ఆర్‌ఐసీ మూడో సంపుటంలో మార్కస్ ఆరీలియస్ కింద 677. ఆ పుట తెరిస్తే మ్యూజియంలలో ఉన్న అదే రకపు నాణేల ఫొటోలు వరుసగా వచ్చాయి. నా నాణెం మీద అరిగిపోయి గీతగా మిగిలిన చోట వాటి మీద బిడ్డ చెయ్యి కనిపిస్తోంది. చీటీలో రాసిన 344 పుట కూడా తెరిచి చూశాను: ఎడమవైపు తిరిగి కుడిచెయ్యి పైకెత్తిన జూనో దేవత, ‘ఎటెర్నిటాస్’ అన్న రాత, నడినెత్తిన కొప్పు. పోలిక ఏ కోశానా లేదు.

చిన్న ఫౌస్టినాకు పుట్టిన పిల్లలు పన్నెండుమందికి తక్కువ కాదు. వారిలో ఎక్కువమంది పసితనంలోనే పోయారు. తండ్రి వెనుక చక్రవర్తి అయిన కొమోడస్ బతికి బట్టకట్టినవారిలో ఒకడు. ఆ సంగతి తెలిశాక ఆ అరిగిన మూటను చూస్తే మనసు కొంచెం బరువెక్కుతుంది. చీటీలో ఉన్న తప్పు సంఖ్యతోనే ఊరుకుని ఉంటే నా చేతిలో ఉన్నది ఈ తల్లి అని నాకు తెలిసేదే కాదు. అమ్మకందారుకు ఫోన్ చేసి చెప్పాను. రెండూ ఫౌస్టినాలే కదా, ధరలో తేడా ఏముంది అన్నాడు. ధర విషయంలో అతని మాట నిజమే. ఈ రెండు రకాలూ సంతల్లో దాదాపు ఒకే ధరకు దొరుకుతాయి. వెనక్కి తీసుకుంటానని కూడా అన్నాడు గానీ నేను ఇవ్వలేదు. చీటీ మాత్రం చించేసి కొత్తది రాసుకున్నాను.

ఈ అన్వేషణ అలవాటు లేనివారికి మొదట్లో చిక్కులు పెడుతుంది. లాటిన్ రాతలో ‘ఉ’ ధ్వనికి కూడా ‘వీ’ అక్షరమే వాడతారు. ఆధునిక ఇంగ్లీషు స్పెల్లింగు అలవాటుతో ‘యూ’ కొట్టినవాడికి ఫలితం సున్నా వస్తే, నాణెం ఎంతో అరుదైనదని సంబరపడే ప్రమాదం ఉంది. నేనూ ఒకసారి ఆ సంబరం పడ్డాను. అరగంట సేపు లోకంలో లేని రకం నా దగ్గర ఉందనుకున్నాను. పుటలను కొన్ని ఐరోపా భాషల్లోకి మార్చుకునే వీలుంది, తెలుగు లేదు. రాతలు లాటిన్‌లో ఉంటాయి కనుక వివరణ ఏ భాషలో ఉన్నా పడే శ్రమ ఒకటే. ఇరవై ముప్పై మాటలు నేర్చుకుంటే రెండో శతాబ్దపు నాణేల్లో చాలావాటిని చదవగలుగుతాం.

ప్రతి రకం పుటలోనూ నాకు ఫొటోల తర్వాత బాగా ఉపయోగపడేవి బరువులు. న్యూయార్క్ సొసైటీ సొంత నాణేలే కాక బెర్లిన్ నాణేల మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం మొదలైనవాటి నాణేల వివరాలు కూడా ఇక్కడికి కలుస్తాయి. ఒక్కో నాణెం బరువు, వ్యాసం, బొమ్మకూ బొరుసుకూ మధ్య అచ్చు తిరిగిన కోణం, ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఫెకుండిటాస్ దీనారం నా తక్కెడలో 3.1 గ్రాములు తూగింది. ఆ కాలపు దీనారాలు మూడు గ్రాములకు కాస్త ఎక్కువగా తూగుతాయి కనుక నిశ్చింతగా ఉన్నాను. అదే సంతలో ఇంకోసారి చూసిన ఒక ట్రేజన్ చక్రవర్తి దీనారం రెండున్నర గ్రాములకు మించలేదు, అంచు దగ్గర వెండి పొర లేచి లోపల రాగి ఎర్రగా కనిపించింది. పురాతన కాలంలోనే రాగి ముద్ద మీద వెండి రేకు తొడిగి మోసం చేసినవారు ఉన్నారు. అలాంటివాటిని సేకరించేవారూ ఉన్నారు గానీ, అసలు వెండి ధర పెట్టి కొనేవారు మాత్రం ఉండకూడదు. ఇంటి తక్కెడ కొనడానికి పది పౌండ్లు ఖర్చు పెట్టని సేకర్త ఓక్రే ఇచ్చే దాంట్లో సగం వదులుకున్నట్టే.

బరువుల పట్టికలు చూస్తూ పోతే సామ్రాజ్యం ఖజానా పరిస్థితి కూడా అర్థమవుతుంది. నీరో 64లో చేసిన మార్పుతో రోమన్ పౌను వెండికి 84 దీనారాలకు బదులు 96 కొట్టడం మొదలైంది, వెండి స్వచ్ఛత కూడా తగ్గింది. సెప్టిమియస్ సెవెరస్ నాటికి దీనారంలో వెండి సుమారు సగానికి పడిపోయింది. కారకల్లా 215లో రెండు దీనారాల విలువగా ప్రవేశపెట్టారని భావించే నాణెంలో వెండి రెండు దీనారాలంత లేదు. గాలియెనస్ పాలన చివరికి, అంటే 268 ప్రాంతానికి, ఆ నాణెం వెండి పూత పూసిన రాగి స్థాయికి దిగింది. స్వచ్ఛత సంఖ్యలు ఓక్రే పుటల్లో వెతికితే కనిపించవు, లోహం దగ్గర వెండి అని ఒక్క మాట ఉంటుంది. ఒక్కో చక్రవర్తి నాణేల ఫొటోలు కాలక్రమంలో పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం తెల్లని మెరుపు బూడిదరంగుకూ, బూడిదరంగు గోధుమరంగుకూ మారడం కంటికే కనిపిస్తుంది.

ఇక నిష్ఠూరాలు. ఓక్రే తన ఆధారగ్రంథం కంటే కొత్తది కాలేదు. ఆంటోనైన్ల కాలానికి, అంటే ఆంటోనైనస్ పయస్ నుంచి కొమోడస్ వరకు, ఆధారమైన మూడో సంపుటం 1930 నాటిది. అప్పటి నుంచి దొరికిన నిధులు, అచ్చుల పోలికల మీద జరిగిన పరిశోధన, మారిన కాలనిర్ణయాలు ఎన్నో. నా ఫౌస్టినా పుటలో ఉన్న తేదీల విస్తృతి చూసి, దాన్ని ఇంకా కుదించవచ్చునన్న సంగతి వేరే చోట చదువుకోవలసి వచ్చింది. దీనికి విరుద్ధమైన ఇబ్బంది హేడ్రియన్ నాణేలతో. ఆ భాగాన్ని రిచర్డ్ అబ్డీ పూర్తిగా తిరగరాయగా 2019లో కొత్త సంపుటం వచ్చింది, సంఖ్యలన్నీ మారాయి, ఓక్రే కొత్త సంఖ్యలు తీసుకుంది. అమ్మకందారుల చీటీల మీద మాత్రం 1926 నాటి పాత సంఖ్యలే చాలాచోట్ల ఉంటాయి. చీటీ మీది సంఖ్యకూ తెర మీది సంఖ్యకూ పొంతన లేదని హేడ్రియన్ నాణెం అమ్మినవాడి మీద వెంటనే విరుచుకుపడకండి. అది ఏ ముద్రణ సంఖ్యో ముందు అడగండి.

పుస్తకంలో ఉండి ఇక్కడ లేనివి రెండు. ప్రతి సంపుటానికీ ముందు టంకశాలల పనితీరు, బిరుదుల క్రమం, రాజకీయ నేపథ్యం వివరించే దీర్ఘమైన పీఠికలు ఉంటాయి. ఓక్రేలో సంఖ్య దొరుకుతుంది, ఆ సంఖ్య వెనుక వాదన దొరకదు. రెండోది, నాణెం ఎంత అరుదో చెప్పే గుర్తులు. అవి లేకపోవడం నాకు లోపంగా తోచదు. 1920లలో ఐరోపా మ్యూజియంల సొరుగులు చూసి వేసిన గుర్తులు, లోహశోధక యంత్రాలు పొలాల్లో తిరుగుతున్న ఈ కాలానికి ఎలా సరిపోతాయి? 2010లో ఇంగ్లండులోని ఫ్రోమ్ దగ్గర ఒక్క కుండలోనే 52,503 నాణేలు బయటపడ్డాయి. అలాంటి కుండ ఒకటి చాలు, నిన్నటి అరుదు నేడు మామూలు కావడానికి. అయినా ఆ పాత గుర్తులు చూపించి ధర పెంచే అమ్మకందారులు ఇప్పటికీ ఉన్నారు.

నాలుగో శతాబ్దపు చిన్న రాగి నాణేల దగ్గరికి వచ్చేసరికి ఓక్రే ఉపయోగం మీ కంటిచూపు మీద ఆధారపడుతుంది. కిందటి చలికాలం మట్టి వదలని నాణేలు ఇరవై ఒక సంచిగా కొన్నాను. స్వేదనజలంలో మూడు వారాలు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, వెదురు పుల్లతో మట్టి గీకుతూ కూర్చున్నాను. లోహపు మొన వాడితే ఆకుపచ్చని చిలుము కింద ఉన్న అక్షరం కూడా లేచిపోతుంది. మొదటి నాణెం అలాగే పాడుచేసుకున్నాను. వాటిలో ఎనిమిదింటి మీద ఒకే చిత్రం: ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు సైనికులు, మధ్యలో జెండా కర్రలు, చుట్టూ ‘గ్లోరియా ఎక్సెర్కిటుస్’, అంటే సైన్యానికి కీర్తి, అన్న రాత. కాన్‌స్టంటైన్ చివరి ఏళ్లలో ఈ రకాన్ని పదికి పైగా టంకశాలలు తనకూ తన కొడుకులకూ కలిపి కోట్లలో కొట్టి వదిలాయి. రెండు జెండా కర్రలుంటే 330కీ 335కీ మధ్య, ఒక్కటే ఉంటే ఆ తర్వాత అని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఏ ఊరిలో అచ్చయిందో తెలియాలంటే సైనికుల కాళ్ల కింద గీసిన గీతకు దిగువ ఉన్న మూడు నాలుగు అక్షరాలు చదవాలి. ‘టీ, ఆర్, పీ’ అని ఉంటే నేటి జర్మనీలోని ట్రియర్, ‘ఎస్, ఎమ్, ఏ, ఎన్’ అని ఉంటే నేటి తుర్కియేలోని అంతియొక్.

సరిగ్గా ఆ అక్షరాలే అన్నిటికన్నా ముందు అరుగుతాయి. లేదా అచ్చు కంటే లోహపు బిళ్ల చిన్నదై, ఆ భాగం నాణెం మీద పడనే పడదు. ఎనిమిదింటిలో నాలుగింటికి టంకశాల తేల్చగలిగాను. రెండింటికి జెండా కర్రల సంఖ్య తప్ప మరేమీ తేలలేదు. మిగిలిన రెండూ ఓక్రేలో ఏ పుటకూ అతకలేదు: సైనికుల కాళ్లు కర్రముక్కల్లా ఉన్నాయి, రాతలో అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. వారం తర్వాత తెలిసింది, అవి టంకశాలలో పుట్టినవే కావనీ, చిల్లర కరువైన సామ్రాజ్యపు పశ్చిమ రాష్ట్రాల్లో స్థానికులు కొట్టుకున్న అనుకరణలనీ. ఓక్రే అధికారిక నాణేల సూచిక కనుక అలాంటివి అందులో ఉండవు. ఇది దాని తప్పు కాదు, కానీ మొదటి పుటలోనే పెద్ద అక్షరాల్లో ఈ మాట చెప్పి ఉంటే నా వారం దక్కేది.

సామ్రాజ్యంలోని రాష్ట్రాల్లో స్థానికంగా కొట్టిన నాణేల సంగతి కూడా ఇంతే. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గ్రీకు రాతతో కొట్టిన నాణేల మీద నీరో ముఖం ఉన్నా, హేడ్రియన్ ముఖం ఉన్నా, ఓక్రేలో వెతకడం వ్యర్థం. వాటికి ‘రోమన్ ప్రొవిన్షియల్ కాయినేజ్’ అని వేరే సూచిక ఉంది, అదీ ఉచితమే. ఆగస్టస్‌కు ముందున్న గణతంత్ర కాలపు దీనారాలకు న్యూయార్క్ సొసైటీయే నడిపే మరో సూచిక ఉంది. రాత గ్రీకులో ఉందా లాటిన్‌లో ఉందా అని ముందు చూసుకోవడం వల్ల ఎంతో కాలం కలిసి వస్తుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసినది నకిలీల గురించి. ఓక్రేలో దొరికినంత మాత్రాన చేతిలో ఉన్న నాణెం అసలుదైపోదు. ఇంకా చెప్పాలంటే మంచి నకిలీ ఓక్రేతో అక్షరం పొల్లుపోకుండా సరిపోతుంది, ఎందుకంటే దాన్ని అసలు నాణెం నుంచే మూసలో పోసి ఉంటారు, లేదా దాన్ని చూస్తూ అచ్చు చెక్కి ఉంటారు. జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ పందొమ్మిదో శతాబ్ది మొదట్లో చెక్కిన అచ్చులు ఆనాటి పండితులను కూడా బోల్తా కొట్టించాయి. ఒక్క సాయం మాత్రం ఉంది. పురాతన కాలంలో ప్రతి నాణేన్నీ చేత్తో సుత్తి దెబ్బ కొట్టి తీశారు కనుక, ఏ రెండు నాణేలకూ అంచు, పగులు, పక్కకు జరిగిన తీరు ఒకటిగా ఉండవు. మీరు కొనబోయే నాణెం అంచున ఉన్న పగులు, బెర్లిన్ మ్యూజియం ఫొటోలో ఉన్న నాణెం అంచున ఉన్న పగులు అచ్చుగుద్దినట్టు ఒకటే అయితే డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఈ పోలికకు ఓక్రే ఫొటోలు ఉచితంగా దొరికే మంచి సాధనం. దాన్ని దాటి తేల్చుకోవడానికి అనుభవమున్న కన్నూ, తప్పయితే డబ్బు తిరిగి ఇస్తానని కాగితం మీద రాసి ఇచ్చే అమ్మకందారూ కావాలి.

ధరలు ఇందులో లేవు. పాత వేలాల ఫలితాలు చూపే వేరే సేవలు ఉన్నాయి, కొన్ని చందా అడుగుతాయి.

పటాల గురించి ఒక మాట. ఒక రకం ఏ టంకశాలలో పుట్టిందో, ఎక్కడెక్కడ దొరికిందో ఓక్రే పటం మీద చుక్కలుగా చూపిస్తుంది. ఇంగ్లండు మీద ఆ చుక్కలు దట్టంగా కనిపిస్తే రోమన్ డబ్బంతా అక్కడే చేరిందని అనుకోకూడదు. పొలాల్లో దొరికిన వస్తువులను జనం స్వచ్ఛందంగా నమోదు చేయించే వ్యవస్థ అక్కడ బలంగా ఉంది, ఆ నమోదులే చుక్కలవుతాయి. నిధి అయితే స్వచ్ఛందం కాదు, 1996 నాటి చట్టం ప్రకారం రెండు వారాల్లోపు చెప్పి తీరాలి. నమోదు లేని చోట నాణెం దొరకలేదని కాదు, చుక్క లేదని మాత్రమే అర్థం.

మన నేల ఇందుకు మంచి ఉదాహరణ. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి దీనారాలు ఒకేచోట దొరికాయి. దక్షిణ భారతంలో దొరికే రోమన్ వెండిలో రెండు రకాలు ముఖ్యం: ఆగస్టస్ మనుమలు గయస్, లూసియస్ డాళ్లు పట్టుకుని నిలబడ్డది ఒకటి, టైబీరియస్ బొరుసు మీద ఒక స్త్రీ ఆసనంపై కూర్చున్నది మరొకటి. రెండూ నేటి ఫ్రాన్సులోని లియాన్‌లో కొట్టినవే. వీటి పుటలు ఓక్రేలో తెరవండి, మ్యూజియం ఫొటోలు ఎన్నో దొరుకుతాయి. ఇక్కడి జనం వాటి మీది రాజును పట్టించుకోకుండా వెండిని పట్టించుకున్నారు; కొన్నిటి ముఖాల మీద ఉలి గాట్లు పెట్టారు, కొన్నిటికి చిల్లులు పొడిచి మెడలో వేసుకున్నారు. కాసులపేరు వేసుకునే మనకు అందులో వింతేముంది? నాగార్జునకొండ శాసనాల్లో దానాలు లెక్కించిన ‘దీనారి మాషకాలు’ మొదలుకొని కవికి కనకాభిషేకం చేసిన దీనార టంకాల వరకు ఆ రోమన్ మాట మన లెక్కల్లో వెయ్యేళ్లకు పైగా నిలిచింది.

భారతదేశంలో ఉండి సేకరించాలనుకునేవారు చట్టం సంగతి తెలుసుకుని దిగాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. పొలంలో దొరికినదైతే 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ మించినదేదైనా కలెక్టరుకు తెలియజేయాలి. పాత నాణెం ఎవరైనా చేతిలో పెట్టి ‘మా చేనులో దొరికింది, చవగ్గా ఇస్తా’ అంటే దాన్ని ఓక్రేలో గుర్తుపట్టి ముచ్చటపడవచ్చు గానీ కొనకూడదు.

మొత్తం మీద, సేకర్తగా నాకు దీని మీద ఉన్న నమ్మకం అంచెలుగా ఉంది. రకం తేల్చడంలో పూర్తి నమ్మకం, కాలం విషయంలో సంపుటాన్ని బట్టి కొంత జాగ్రత్త, అసలుదో నకిలీదో తేల్చడంలో సాయం మాత్రమే. మొదటి మూడు శతాబ్దాల వెండి నాణేలు కొనేవారికి ఇది లేకుండా సంతకు వెళ్లవద్దనే చెబుతాను. ఫోనులో తెరిచి పెట్టుకుని అమ్మకందారు ముందే చీటీ సరిచూసుకుంటే, నాలాగా ఇంటికి వచ్చాక ఫోన్ చేయవలసిన పని ఉండదు.

నెల్లూరు మా ఊరు. పద్దెనిమిదో శతాబ్ది చివరలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుకల కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక ముంత, ముంతలో రోమన్ బంగారు నాణేలు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రాసిన లేఖ ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండో సంపుటంలో 1790లో అచ్చయింది. రైతు వాటిని పాత బంగారంగా అమ్మేశాడనీ, చాలావరకు కరిగిపోయి ఉంటాయనీ, ముప్పైకి పైగా మాత్రం నవాబు వంశీకుడు అమీరుల్ ఉమరా చేతికి చేరాయనీ అందులో ఉంది. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట, కొన్నిటికి చిల్లులున్నాయట. ట్రేజన్, హేడ్రియన్, ఫౌస్టినా అని పేర్లు ఇచ్చాడు. ఆ ఫౌస్టినా తల్లా కూతురా అన్నది ఆ ఒక్క పేరుతో తేలేది కాదు.

నా దీనారం కథ ఫోనులో మా అమ్మకు చెబుతూ ఈ సంగతీ చెప్పాను. అంతా విని, “మరి ఆ నవాబుగారి వాళ్లు కొప్పు ఎక్కడుందో చూళ్లేదంట్రా?” అంది.